ఎత్తుకో

రాత్రి రెండున్నర.
రైల్వేస్టేషన్ ఎదురు సందులో, మా లాడ్జి కౌంటరు వెనక
తాళంచేతుల బోర్డు కింద
నేను చచ్చిపోవడం ఇది మూడోసారి.

"అన్నా, నీ చెయ్యి శానా నిదానం."
హెడ్‌ఫోన్లో గుసగుసగా తన్వీరు.
పలమనేరోడు. ఏడో తరగతి.
దుప్పట్లో దూరి ఆడతాడు, వాళ్ల నాయన పక్కనే పడుకోనుంటాడంట.
గట్టిగా నవ్వడానికి లేదు పాపం,
గెలిస్తే ముక్కుతో ఊపిరి వదుల్తాడు, అంతే.

నిజమే, నిదానమే.
ముప్పై ఆరు దాటినాక బొటనవేలు
కంటి మాట వినేదానికి ఒక రెప్పపాటు ఆలోచిస్తుంది.
ఆ రెప్పపాటులోనే వీళ్లంతా పుట్టి, పెరిగి,
కిటికీ దూకొచ్చి నన్ను కాల్చిపోతారు.

వీడి వయసులో నేను
తిలక్ రోడ్డు నెట్ సెంటర్లో, మెట్ల కింద గదిలో.
అరగంటకు పది రూపాయలు, పాలకిచ్చిన డబ్బుల్లోంచి.
ఒకనాడు మా నాయన వచ్చినాడు.
కొట్టలేదు. నా వెనకాల నిలబడి
కాసేపు స్క్రీన్ చూస్తా ఉండిపోయినాడు.
"ఇందులో నువ్వు ఎవురురా?" అన్నాడు.
తుపాకీ మాత్రమే కనబడే ఆట అది, పట్టుకున్నోడు కనబడడు.
ఏం చెప్పాల్నో తెలీక లేచొచ్చేసినా.

కస్తూరి ఆరేళ్లు అడగలేదు.
మొన్న శనివారం చిక్కుడుకాయలు తుంచుతా, తలెత్తకుండా,
"కందామా, వద్దా? నాకు ఏదైనా సరే.
ఏదో ఒకటి చెప్పు. నాకు ముప్పై నాలుగు."
చార్జింగ్ వైరు కోసం ఇల్లంతా వెతికినా.
వైరు నా చేతిలోనే ఉంది.

తన్వీరుకైతే శానా చెప్తా:
గుట్టెక్కి నిలబడొద్దు, దొరికిపోతావు.
లోపలికి పోయినాక తలుపు ముయ్యి.
రేపు లెక్కల పరీక్షంటివే, ఇంక చాలించు.
వింటాడు. నేను వాడికి ఏమీ కాను కాబట్టి.
ఫోన్ ఆపేస్తే వాడికి జ్వరమొచ్చినా నాకు తెలీదు.
అట్లాంటి నాయనగా ఉండమంటే బ్రహ్మాండంగా ఉంటా.

మూడుంపావు. మిగిలింది పదకొండు మంది.
వాడికి తగిలింది.
మా ఆటలో తగిలినోడు ఒకేసారి చావడు,
మోకాళ్ల మీద దోగాడతాడు.
పక్కనోడు పది సెకన్లు వంగి కూచుంటే లేస్తాడు.
ఆ పది సెకన్లూ తుపాకీ పట్టేదానికి లేదు, పరిగెత్తేదానికి లేదు.
దానికి అందరూ ఏదో ఇంగ్లీషు మాట వాడతారు.
తన్వీరు మాత్రం
"అన్నా, ఎత్తుకో. ఎత్తుకోన్నా."

గడ్డిలో దోగాడతా నా పక్కకే వస్తాండాడు.
వంగినా.
ఒకటి. రెండు. మూడు.

"రూముందాండీ?"
కొండ దిగొచ్చినారు, పొద్దున బండికి పోవాలంట.
నాలుగు నున్నటి గుండ్లు, ఆరిన చందనం పెచ్చులు లేస్తా.
"ఆధార్ సంచిలో ఎక్కడో ఉందండీ, కాస్త పట్టుకోండి"
అని, నేను ఊ అనకముందే
నిద్రపోయే బిడ్డను నా భుజానికి ఆనించేసినాడు.

రెండు చేతులూ పోయినాయి.
తడిసిన సంచి మాదిరి, ఎటు పట్టుకున్నా జారే బరువు.
మెడ మీద వేడి ఊపిరి.
హెడ్‌ఫోన్ ఒక చెవిలోంచి ఊడి వేలాడతాంది.
రెండో చెవిలో సన్నగా,
"అన్నా... యాడికి పోయినావన్నా..."

ఆధార్ మూడో సంచి అడుగున దొరికింది, లడ్డు జిడ్డుతో.
రెండొందల నాలుగు. రాసినా. తాళమిచ్చినా.
బిడ్డ పిడికిలి నా కాలరు వదల్లేదు,
ఒక్కో వేలూ విప్పాల్సొచ్చింది.

తిరిగి చూస్తే గడ్డిలో ఎవురూ లేరు.
వాడి సామాను పెట్టొకటి మిగిలింది.
"పోనీలేన్నా," అన్నాడు. "మా నాయన కదల్తాండాడు. రేపాడదాం."

ఏడింటికి కొర్లగుంటలో ఇల్లు చేరినా.
కస్తూరి పాలగిన్నె దించి, నా భుజం మీద గోటితో గీకి
ముక్కు దగ్గర పెట్టుకుంది.
"చందనం. ఎవురిది?"
"ఎవురో పిల్లోడిది."
"ఎత్తుకున్నావా?"
"పూర్తిగా కాదు," అన్నా.
ఎవురి సంగతి చెప్తాండానో నాకే తెలీలేదు.

నానబెడతా ఇమ్మని చెయ్యి చాపింది.
నేనింకా గుండీలు విప్పుతానే ఉండా.